ముప్పై ఆరో ముడి

ముడి 31

పెట్టె పిల్ల మళ్ళీ అడిగింది, రాస్తున్నారా అని. రాస్తున్నానమ్మా తల్లీ, ఇదిగో. ఈ ఏడాది నుంచి ప్రతి కడుపుకీ ఒక పుస్తకం పెట్టాలంట. మా అమ్మ నీళ్ళ మీద తేలే ఈ ఇనప పంట్ల మీద రెండొందల కాన్పులు చేసింది, ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. నా నెత్తికి మాత్రం ఈ రాతకోతలు చుట్టుకున్నాయి.

ఈ పుస్తకం వరహాలుది. పద్నాలుగో పంటు మీద ఉంటుంది, కొండలు పెళ్ళాం. నాకు వరసకి అక్క కూతురు. ఇది దానికి రెండో కడుపు. మొదటిదాని సంగతి ఇందులో రాయను.

ఇవాళ అష్టమి. నీళ్ళు మందకొడిగా ఉన్నాయి, పంటుకీ పంటుకీ కట్టిన గొలుసులు చప్పుడు చెయ్యకుండా పడున్నాయి. పొద్దున్నే వెళ్ళి దాని గుమ్మానికి వేలాడే తాడుకి ముప్పై ఒకటో ముడి వేశాను. వారానికొక ముడి. పున్నమికొకటి, అమాసకొకటి, మధ్యలో వచ్చే రెండు అష్టములకీ చెరొకటి, మొత్తం నెలకి నాలుగు. నెలకి నాలుగు వారాలని ఏ పసిపిల్లని అడిగినా చెప్తుంది. రోజులకి ఆదివారం, సోమవారం అని పేర్లుండే కాలం మా అమ్మమ్మతోనే పోయింది. పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో తెలిస్తే వలలు వేసుకుంటాం, ఇంకా పేర్లెందుకు మాకు?

తాడు ఆఖరి ముట్టు నుంచి మొదలెట్టాలి. ఇది పెట్టె పిల్ల నేర్పిన పద్ధతి. నెల తప్పిందని ఎవరైనా వచ్చి చెప్పగానే వెనక్కి లెక్కేసి ఒకేసారి ఐదు ముడులు వేసేస్తాను. అంటే కడుపులో నలుసు పడకముందే రెండు వారాలు లెక్కలో పడిపోతాయి. మొదటిసారి విని పడీపడీ నవ్వాను. లేని బిడ్డకి వయసేంటే అన్నాను. "ప్రామాణిక పద్ధతి ఇదే" అంది, పెద్దింటి కోడలు మాట్లాడినట్టు.

పెట్టె అంటే మందుల పెట్టె. నాలుగేళ్ళ క్రితం సాయం పడవవాళ్ళు వదిలి వెళ్ళారు. నా నడుం ఎత్తుంటుంది. నెత్తిన ఎండ తాగే పలక, పొట్టనిండా సొరుగులు. ఎండ ఉంటే ఆడపిల్ల గొంతుతో మాట్లాడుతుంది, మబ్బేస్తే పడుకుంటుంది. లేచాక ఎన్నాళ్ళు పడుకుందో దానికే తెలీదు. అందుకని ప్రతిసారీ మొదట అడిగేది ఒకటే, "గర్భం ఎన్ని వారాలు?" నేను ముడులు లెక్కపెట్టి చెప్తాను. ఆ అంకెని బట్టి ఏ సొరుగు తెరవాలో అదే తెరుస్తుంది.

ఇవాళ మాత్రల పట్టీ ఇచ్చింది. రక్తం పట్టే మాత్రలు, పట్టీకి ఏడు, వారానికొక పట్టీ. తీసుకెళ్ళి వరహాలు చేతిలో పెడితే అది నెమ్మదిగా అంది.

"పిన్నీ, పోయినసారి పట్టీ మొన్నటికే అయిపోయింది. నిన్న మాత్ర లేదు."

"ఒకేరోజు రెండు మింగావా?"

"లేదు. రోజుకొకటే."

"మరి నీ మాత్రని కాకెత్తుకుపోయిందేంటే?"

తల దించుకుంది. దీనికి పరధ్యానం ముందే ఎక్కువ, మొదటి కాన్పు తర్వాత మరీను. గట్టిగా కసిరి వచ్చాను.

ముడి 32

పున్నమి. బిడ్డ తల కిందకి తిరిగింది, గుండె చప్పుడు గట్టిగా ఉంది. ఈసారి పట్టీ సరిపోయిందంట. చూశావా, నేను కసిరితే అన్నీ సరిపోతాయి.

వరహాలు అత్త రావులమ్మ వదిన గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. నన్ను చూసి, "ఎన్నో నెల మా కోడలికి?" అంది, తెలిసే.

"ఎనిమిది నిండాయి వదినా."

"అయితే ఇంకొక్క నెల."

"రెండు. నలభై వారాలంటే పది నెలలు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నా కొడుకుని తొమ్మిది నిండాక కన్నాను. పట్టుకున్నది మీ అమ్మే." చేప పొట్ట చీరుతూ, నా మొహం చూడకుండా అంది. "క్రితంసారి కూడా తొమ్మిది నిండాకే నొప్పులొచ్చాయి దీనికి. వదిలెయ్యవే అని ఎంత మొత్తుకున్నాను."

సంచీ సర్దుకుని వచ్చేశాను.

ఆ సంగతి రాయనన్నాను కదా. రాయకపోతే అది పోయేట్టు లేదు.

అప్పుడు ముప్పై ఆరో ముడి వేసిన పూటే వరహాలుకి నొప్పులొచ్చాయి. పెట్టెని అడిగాను. "ముప్పై ఏడు వారాల లోపు వచ్చినవి తొందర నొప్పులు. వాటిని ఆపాలి" అని నొప్పులాపే సూది ఉన్న సొరుగు తెరిచింది. వేశాను. రావులమ్మ వదిన అరుస్తూనే ఉంది, నేను వేస్తూనే ఉన్నాను. చదువూసంధ్యా లేని మనిషి, దీనికేం తెలుసు అనుకున్నాను. నొప్పులు ఆగిపోయాయి. "ఇంకా టైముంది తల్లీ, లెక్క పూర్తవ్వాలి" అని వరహాలు తల నిమిరాను. నలభై ముడులు దాటినా మళ్ళీ నొప్పులు రాలేదు. బిడ్డ కదలిక తగ్గింది. నలభై ఒకటో ముడికి పెట్టె నొప్పులు రప్పించే సూది ఇచ్చింది. ఆడపిల్ల. ఊపిరి లేదు. ఉమ్మనీరు పాచి రంగులో ఉంది. ఒళ్ళంతా తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. గోళ్ళు వేళ్ళు దాటి బయటికి పెరిగున్నాయి. బుగ్గ మీద సన్నటి గీత, తన గోరే గీరుకున్నట్టు.

వరహాలుకి రక్తం ఆగలేదు. ప్రసవం సొరుగులో రక్తం కట్టే సూది ఉండబట్టి మనిషి దక్కింది. బిడ్డని ఎవరికీ చూపించకుండా చుట్టేశాను.

బతికిన బిడ్డ అయితే తల్లి ఆ తాడు ముడులన్నీ విప్పి, అదే తాడుతో ఉయ్యాల కడుతుంది. పోయిన బిడ్డ అయితే తాడు నీళ్ళలో వదిలెయ్యాలి. వదిలెయ్యమని వరహాలు చేతికే ఇచ్చాను.

పెట్టె వచ్చాక ఆ సూది మూడుసార్లు వేశాను. మిగతా ఇద్దరు పిల్లలూ బతికారు. వాళ్ళూ గోళ్ళు పొడుగ్గానే పుట్టారు. సూది మందు బలం అనుకున్నాను.

సాయంత్రం పాటుకి నీళ్ళు బాగా తీశాయి. ఇక్కడ అడుగున ఒకప్పుడు కొబ్బరితోటలు ఉండేవట, మొండేలు ఇంకా నిలబడే ఉన్నాయి. నీళ్ళు తీస్తే పంటు అడుగున గీరుకుంటాయి. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న చప్పుడే. ఈమధ్య ఆ చప్పుడు మొదలవగానే నేను లేచి బయటికి పోతున్నాను.

ముడి 33

అక్షరాలు వంకర పోతే పోనీ, ఇవాళే రాసెయ్యాలి.

అష్టమి ముడి వెయ్యడానికి వెళ్తే వరహాలు ఇంట్లో లేదు, చేపలు ఎండేసే పంటు మీదికి వెళ్ళిందట. ముడి వేసి, మాత్రల పట్టీ దాని పడక కింద పెడదామని చాప ఎత్తాను. కింద చుట్ట చుట్టి తాడు ఉంది. పాత తాడు. నేను నీళ్ళలో వదలమన్న తాడు.

నా ముడి నాకు తెలుసు, రెండు చుట్లు వేస్తాను. నలభై ఒకటి నావి. అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. ఆ తర్వాత ఒంటి చుట్టు ముడులు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. కూర్చుని లెక్కపెట్టాను. నావీ అవీ కలిపి నూట పద్నాలుగు.

నిజం చెప్పాలంటే, నాకు మొదట తోచింది వరహాలు కాదు. ఆ గోళ్ళే తోచాయి. ఆ పోయిన పిల్లే ఇంకా లోపల కూర్చుని తన లెక్క తను వేసుకుంటోంది అనిపించింది. యాభై ఆరేళ్ళ దాన్ని, ఎన్ని చావులు చూశానో, ఆ తాడు ఒళ్ళో వేసుకుని లేవకుండా కూర్చుండిపోయాను.

వరహాలు ఎప్పుడొచ్చిందో వచ్చింది. తాడు నా ఒళ్ళో ఉండటం చూసి ఏమీ కంగారుపడలేదు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని మెల్లిగా నా పక్కన కూర్చుంది.

"నువ్వేనా వేస్తున్నావు?"

"నేనే."

"ఎందుకే తల్లీ? వదిలెయ్యమన్నాను కదా."

"సూది వేసిన రోజు నువ్వేమన్నావు పిన్నీ? ఇంకా టైముంది, లెక్క పూర్తవ్వాలి అన్నావు." పొట్ట నిమురుకుంటూ చెప్తోంది, ఎవరిదో కబురు చెప్తున్నట్టు. "పూర్తయిందని తర్వాత ఎవరూ చెప్పలేదు నాకు. అందుకే నువ్వు ముడి వేసే రోజొస్తే నేను దీనికి కూడా వేస్తున్నాను. రెండిటికీ ఒకేరోజు."

దగ్గరికి తీసుకుని ఏడ్చాను. అది ఏడవలేదు. నన్నే ఓదార్చింది. లేచి వస్తుంటే వెనక నుంచి అంది, "పిన్నీ, ఈసారి కూడా మాత్ర ఒకరోజు తక్కువొచ్చింది. నేనేం చెయ్యలేదు, ఒట్టు."

ముడి 34

అమాస. వరహాలు బుద్ధి స్థిమితంగా లేదని నాకు నమ్మకం కుదిరిపోయింది. మాత్రలు లెక్క తప్పి మింగుతోంది, పోయిన బిడ్డకి ముడులు వేస్తోంది. ఇలాంటి పిల్ల రేపు నొప్పులొచ్చాక చెప్పిన మాట వింటుందా? కొండలుతో చెప్పాను, కనిపెట్టుకుని ఉండమని.

"అత్తా, అది మాత్ర వేసుకోవడం నేను రోజూ చూస్తున్నాను. ఒక్కటే వేసుకుంటుంది" అన్నాడు.

వీడొకడు, పెళ్ళాన్ని వెనకేసుకొస్తాడు. సరే, దొంగ ఎవరో నేనే తేలుస్తాను. ఈసారి పట్టీ ఇచ్చిన దగ్గర్నుంచీ రోజులు లెక్క పెట్టాలి.

పంటు అడుగున గీరుకుంటోంది. చెవుల్లో దూది పెట్టుకున్నాను.

రోజు 254

పైన ముడి అని రాయలేదు. ఎందుకో రాస్తాను.

మాకు రోజులు లెక్కపెట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు, పంట్ల బాగోగులు చూసే సరంగు బుల్లెబ్బాయి. పంటు అడుగుకి చేరిన నీళ్ళు పొద్దున్నే పంపుతో తోడిపోస్తాడు. తోడిన రోజుకి ఇనప గోడ మీద మేకుతో ఒక గీత. పున్నమి రోజు గీత మీద సున్నా. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఆ గోడ చూసినప్పుడల్లా నేను వెటకారం చేసేదాన్ని, ఎవరికి చూపించడానికి అన్నయ్యా ఈ ముగ్గులు అని.

ఇవాళ దీపం పట్టుకుని దిగాను. "అన్నయ్యా, ఈ అమాసకి ముందు అష్టమి ఏ గీత?" అన్నాను. చూపించాడు. అష్టమి నుంచి అమాసకి ఏడు గీతలు. అంతకుముందు పున్నమి నుంచి అష్టమికి ఎనిమిది.

ఎనిమిది. పట్టీకి ఏడు మాత్రలు.

పిల్ల అబద్ధం చెప్పలేదు.

పున్నమి నుంచి పున్నమికి లెక్కపెట్టాను. ముప్పై. దానికి ముందుది ఇరవై తొమ్మిది. దానికి ముందు మళ్ళీ ముప్పై. ఇరవై ఎనిమిది ఎక్కడా లేదు. సరంగు నా మొహం చూసి, "ఏమైంది కాసులమ్మా, కూర్చో" అంటున్నాడు. కూర్చోలేదు. పైకొచ్చి పెట్టె ముందు నిలబడ్డాను.

"వారానికి ఎన్ని రోజులే?"

"ఏడు రోజులు."

"నెలకి నాలుగు వారాలేనా?"

"కాదు. పున్నమి నుంచి పున్నమికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. నాలుగు వారాలకి ఇరవై ఎనిమిది రోజులు."

"మరి నాలుగేళ్ళ నుంచి ఈ ముక్క చెప్పి చావవేమే!"

"మీరు అడగలేదు" అంది.

దాని తప్పేం లేదు. అది ఎప్పుడూ ఏడు రోజుల వారాలే అడిగింది. నేనే ముడులు లెక్కపెట్టి చెప్పాను. నెలకి రోజున్నర జారిపోతూ వచ్చింది. పది నెలలకి పదిహేను రోజులు.

మళ్ళీ కిందకి దిగాను. ముప్పై ఆరు ముడులంటే తొమ్మిది పున్నములు. ఒక్కో గీత మీద వేలు పెట్టి లెక్కపెట్టాను, రెండు వందల అరవై ఆరు. ఏడుతో భాగిస్తే ముప్పై ఎనిమిది వారాలు. ఒక్క రోజు అటూ ఇటూ లేదు.

ముప్పై ఏడు లోపల అయితేనే కదా ఆపాలి. ఆ పిల్ల సరిగ్గా వేళకే బయల్దేరింది. నేను సూది వేసి లోపలికి నెట్టాను. నలభై ఒక్క ముడులంటే మూడు వందల మూడు రోజులు, నలభై మూడు వారాలు దాటి రెండు రోజులు. అన్నాళ్ళు లోపల ఉంచితే గోళ్ళు పెరగవా మరి? ఆ ఇద్దరు పిల్లలవీ అందుకే పెరిగాయి.

ఇవాళ వరహాలు రోజులు కూడా గోడ మీద లెక్కపెట్టాను. రెండు వందల యాభై నాలుగు. ముప్పై ఆరు వారాలు దాటి రెండు రోజులు.

ఎవరికీ చెప్పను. చెప్తే ఏమొస్తుంది? పోయిన పిల్ల తిరిగొస్తుందా? ఈసారి సూది వెయ్యను, అంతే కదా కావాల్సింది. నొప్పులొస్తే రానిస్తాను. బిడ్డ చేతికొస్తే అందరూ అన్నీ మర్చిపోతారు. తెలిస్తే కొండలు నన్ను ఏం చేస్తాడో. రావులమ్మ వదిన మొహం నేనెలా చూడాలి. నాకు భయంగా ఉంది. రాసుకుంటున్నాను కాబట్టి రాస్తున్నాను, భయంగానే ఉంది.

రోజు 258

అష్టమి. చెయ్యి పొట్ట మీద వేసి చూసి, గుండె చప్పుడు విని, లేచిపోబోయాను.

"ముడి వెయ్యవా పిన్నీ?"

"ఇంక వద్దులే. ఇక నుంచి రోజులు లెక్కపెడదాం."

"ఎందుకు?"

"ఆఖరు నెల కదా. పెట్టె అలాగే అంది."

నా కళ్ళల్లోకే చూసింది. దానికి పరధ్యానం అని ఎలా అనుకున్నానో. "సరే" అంది. "నేను దానికి వేసేశాను పొద్దున్నే. నూట పదహారు."

ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

రోజు 264

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం గంజి తాగుతుంటే కొండలు పరుగెత్తుకొచ్చాడు. వరహాలుని నా గదికే మోసుకొచ్చారు. నీళ్ళు పోయాయి, తేటగా ఉన్నాయి. నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. రావులమ్మ వదిన కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులు కడుక్కుని పెట్టె ముందుకెళ్ళాను. పెట్టె లేకుండా నేను కాన్పు చెయ్యలేనా అంటే చేస్తాను, ముప్పై ఏళ్ళు చేశాను. కానీ క్రితంసారి రక్తం ఎలా పోయిందో చూసినదాన్ని. రక్తం కట్టే సూది ప్రసవం సొరుగులో ఉంది. అది చేతికి అందకుండా ఈ పిల్లని నొప్పులు తీయనివ్వలేను.

"గర్భం ఎన్ని వారాలు?"

"ముప్పై ఏడు వారాల ఐదు రోజులు."

"గత నమోదు ముప్పై నాలుగు. గత సందర్శన తర్వాత ఎన్ని రోజులు గడిచాయి?"

పదమూడు రోజులు. మూడు వారాల ఐదు రోజులు అని చెప్తే ఒప్పుకునేదేమో, నాకు ఆ క్షణాన తోచలేదు. "పదమూడు" అనేశాను.

"లెక్క సరిపోలేదు. గత నమోదు ప్రకారం ముప్పై ఏడు వారాలు నిండలేదు." టక్కుమని ఒక సొరుగు తెరుచుకుంది. నొప్పులాపే సూది. "ప్రసవం సొరుగు తెరవడానికి లెక్క సరిదిద్దాలి. కారణం తెలపండి."

వరహాలు ఆ సూదిని చూసింది. ఒక్కసారిగా మోచేతుల మీద లేవబోయింది. "వద్దు పిన్నీ. నీ కాళ్ళు పట్టుకుంటాను, అది మాత్రం వద్దు."

"వెయ్యనే, వెయ్యను, పడుకో."

"కారణం తెలపండి" అంది పెట్టె మళ్ళీ.

నోరు జారింది అంటే సరిపోయేది. రాయడంలో పొరపాటు అన్నా సరిపోయేది, దానికి నిజమేదో అబద్ధమేదో ఏం తెలుస్తుంది? అదే అందామని నోరు తెరిచాను. అప్పుడే పాటు మొదలైంది. నా కాళ్ళ కింద ఇనుము మీద గోరుతో గీసినట్టు చప్పుడు, ఆ చివర నుంచి ఈ చివరకి. గదిలో అందరికీ వినపడింది. వాళ్ళకది కొబ్బరి మొండెం.

"నా లెక్క తప్పు" అన్నాను. "ముడికీ ముడికీ మధ్య ఏడు రోజులు కాదు. ఒక్కోసారి ఎనిమిది. నాలుగేళ్ళ నుంచి నీకు తప్పు చెప్తున్నాను. ముప్పై ఆరు ముడులంటే ముప్పై ఎనిమిది వారాలు."

"నమోదు చేశాను" అంది పెట్టె. ప్రసవం సొరుగు తెరుచుకుంది.

కొండలుకి ఇంకా అర్థమైనట్టు లేదు. రావులమ్మ వదినకి అర్థమైంది. కోడలి జుట్టు నిమిరే చెయ్యి ఆగిపోయింది. వరహాలు నొప్పి వస్తే పళ్ళు బిగించి, అది తగ్గాక అడిగింది.

"అయితే ఆ రోజు దానికి ముప్పై ఎనిమిదా?"

"అవునమ్మా."

"వచ్చేసేదా?"

"వచ్చేసేది."

దాని నోట్లోంచి వచ్చిన కేక నొప్పిదో మరి దేనిదో నేను చెప్పలేను. ఆ తర్వాత పొద్దు వాలేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ముక్కమంటే ముక్కింది, ఆగమంటే ఆగింది. నా చెయ్యి మాత్రం పట్టుకోలేదు, అత్త చెయ్యి పట్టుకుంది.

ఆడపిల్ల. పుడుతూనే కయ్యిమంది. ఒంటినిండా తెల్లటి జిగురు. గోళ్ళు వేలి కొసల దాకా కూడా లేవు, మెత్తగా, ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. రక్తం పోయింది గానీ సూదికి కట్టింది. తల్లి దక్కింది, పిల్ల దక్కింది. బిడ్డని దాని గుండెల మీద పెడితే చిన్న చెయ్యి విప్పి చూసింది.

"దీని గోళ్ళు పొట్టివి" అంది. "దానివి పెద్దవి."

"నువ్వెప్పుడు చూశావే?"

"నువ్వు చుడుతుంటే గుడ్డలోంచి చెయ్యి బయటపడింది. ఏడాదిన్నరగా ఎవరినీ అడగలేదు."

పుట్టిన ఐదో రోజు

కొండలు నా గుమ్మం దాటి పోతున్నాడు, పలకరించడం లేదు. తిట్టినా బాగుండేది. రావులమ్మ వదిన అన్నం పంపింది, మనిషి మాత్రం రాలేదు. సరంగు ఇవాళ్టి నుంచి ఏడు రోజులకొకసారి గంట కొడతానన్నాడు. కడుపుతో ఉన్న మిగతా ముగ్గురి తాళ్ళూ నేనే విప్పేసి, గోడ మీద గీతలు చూసి మళ్ళీ లెక్కేశాను. గోళ్ళు పొడుగ్గా పుట్టిన ఆ ఇద్దరి తల్లుల దగ్గరికీ వెళ్ళి, ఇలా జరిగిందమ్మా అని చెప్పొచ్చాను.

పొద్దున్న వరహాలు రమ్మని కబురు పెట్టింది.

కొత్త తాడు ముడులన్నీ విప్పి ఉయ్యాలకి ఒక పక్క కట్టింది. రెండో పక్క తాడు లేదు, ఉయ్యాల ఒరిగి ఉంది. పిల్ల దాని ఒళ్ళో పడుకుంది. పాత తాడు తీసి నా ముందు పెట్టింది.

"విప్పు పిన్నీ."

"నువ్వు వేసినవి కూడానా?"

"అవే ముందు."

కింద కూర్చుని మొదలెట్టాను. రెండేళ్ళ ఉప్పు తిన్న తాడు, రాయిలా బిగుసుకుంది. గోరు దూర్చి, గీరి గీరి, ఒక్కోటీ విప్పాలి. వరహాలు వెనక్కి లెక్కపెడుతోంది. నూట పదహారు. నూట పదిహేను. తొంభై దగ్గర నా బొటనవేలి గోరు విరిగింది, ఆపమనలేదు. అరవై దగ్గర రక్తం వచ్చింది, తాడుకంటింది, ఆపమనలేదు. గదిలో నా గోళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. నలభై ఒకటి దగ్గర్నుంచి నా ముడులు, రెండు చుట్లవి. అవి ఇంకా గట్టివి. నలభై. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు.

తర్వాతి దాంట్లో గోరు దూర్చబోయాను. నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"చాలు. అది పుట్టింది ఇక్కడ."

తాడు తీసుకుంది. ముప్పై ఆరు ముడులూ అలాగే ఉంచి, విప్పిన కొసతో ఉయ్యాల రెండో పక్క కట్టింది. ఉయ్యాల సరిగ్గా నిలబడింది. చంటిదాన్ని అందులో వేసి ఊపింది.

"దానికి పుస్తకం లేదు కదా" అంది, నా వైపు తిరక్కుండా. "ఇందులోనే రాయి. రాసి నాకు చదువు."

దాని ముందే కూర్చుని రాశాను.

తల్లి, వరహాలు. తండ్రి, కొండలు. మొదటి కాన్పు. ఆడపిల్ల. ముప్పై ఎనిమిది వారాలు నిండాయి. నొప్పులు వేళకే వచ్చాయి. మంత్రసాని కాసులమ్మ ఆపింది.

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.